జన్యువును మేల్కొలిపే క్రిస్పర్ సాధనాన్ని ఏ ఎలుకలో పరీక్షించాలి?

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్న విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: ఎర్రకణాలు కొడవలి ఆకారానికి మారే సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో, పుట్టుకకు ముందు పనిచేసి తర్వాత ఆగిపోయే పిండ దశ హిమోగ్లోబిన్‌ను క్రిస్పర్ అనే జన్యు సవరణ సాధనంతో, డీఎన్‌ఏను కత్తిరించకుండా, తిరిగి పనిచేయించే ప్రాజెక్టు రాస్తున్నాను; కణాలలో ఫలితం చూపిస్తే చాలదా, జన్యుమార్పిడి ఎలుకలు తప్పనిసరా?

తప్పనిసరే. అయితే ఏ ఎలుక అన్నదానిపైనే మీ ప్రాజెక్టు నిలబడుతుంది. నాది విజయనగరం జిల్లా. ఇక్కడ అధ్యాపకుడిగా చేరకముందు ఇలాంటి ఎలుకలను పెంచి పరీక్షించే ప్రయోగశాలలో కొన్నేళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

క్రిస్పర్‌లో డీఎన్‌ఏను కత్తిరించే ప్రోటీన్ క్యాస్9. మీరు వాడబోయేది కత్తిరించే శక్తి పోగొట్టిన క్యాస్9. దానికి వీపీ64, పీ65, హెచ్‌ఎస్‌ఎఫ్1 వంటి ఉత్తేజకాలను తగిలించి, దారి చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏ సాయంతో జన్యువు ప్రమోటర్ (జన్యువు పని మొదలయ్యే చోటు) దగ్గరికి చేరుస్తారు. డిష్‌లో పెరిగే కణాలకు ఈ సాధనాన్ని మోసే ప్లాస్మిడ్ (డీఎన్‌ఏ వలయం) ఎంత కావాలంటే అంత ఇవ్వవచ్చు. శరీరంలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఒక్కో కణజాలంలో క్రోమాటిన్, అంటే ప్రోటీన్లతో చుట్టుకున్న డీఎన్‌ఏ, ఒక్కో తీరుగా ముడుచుకుని ఉంటుంది. డిష్‌లో జన్యువును ఎన్నో రెట్లు పెంచిన గైడ్ కాలేయంలో దాదాపు ఏమీ చేయకపోవడం నేను స్వయంగా చూశాను. ఆర్‌ఎన్‌ఏ పెరిగినా ప్రోటీన్ పెరగని సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి రెండింటినీ కొలవాలి.

సాధనాన్ని పుట్టుకతోనే మోసే ఎలుకలు ఒక రకం. ఉత్తేజక క్యాస్9ను ఎలుక జీనోమ్‌లోని రోజా26 అనే స్థానంలో చేర్చి వీటిని తయారుచేస్తారు. కొన్నింటిలో స్విచ్‌లా పనిచేసే క్రీ ఎంజైమ్ ఉన్న కణజాలంలోనే అది పనిచేసేలా ఏర్పాటు ఉంటుంది. పెద్ద ప్రోటీన్ ఎలుకలోనే సిద్ధంగా ఉంటుంది కనుక మీరు చిన్న గైడ్‌ను పంపితే చాలు. జన్యువులను కణాల్లోకి మోసుకెళ్లడానికి వాడే ఏఏవీ వైరస్‌లో సుమారు 4.7 కిలోబేస్‌లే (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్‌ఏ అక్షరాలు) పడతాయి, మామూలుగా వాడే క్యాస్9 జన్యువు ఒక్కటే 4.1 దాకా ఉంటుంది కాబట్టి ఇది పెద్ద సౌలభ్యం. కానీ ఈ ఎలుక రెండు విషయాలు దాచేస్తుంది. పుట్టుకతో ఉన్న ప్రోటీన్‌ను రోగనిరోధక వ్యవస్థ తనదిగానే భావిస్తుంది, రోగిలో అలా జరగదు. సాధనం మొత్తాన్ని కణంలోకి చేర్చగలమా అన్న ప్రశ్నకూ ఇది జవాబు చెప్పదు.

2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఊబకాయం పరిశోధన క్రమం నాకు బాగా నచ్చుతుంది. సిమ్1 జన్యువుకు ఒక ప్రతి మాత్రమే ఉన్న ఎలుకలు విపరీతంగా లావెక్కుతాయి. ఆ పరిశోధకులు ముందు సాధనాన్ని మోసే ఎలుకలతో వాటిని సంకరం చేసి, మిగిలిన మంచి ప్రతిని ఉత్తేజపరిస్తే బరువు అదుపులో ఉంటుందని రుజువు చేశారు. ఆ తర్వాతే ఏఏవీతో మెదడులో ఆకలిని నియంత్రించే హైపోథాలమస్‌లోకి సాధనాన్ని పంపి చూశారు. భావన సరైనదా, చేరవేయగలమా అన్న రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడిగారన్నమాట.

ఇక మీ సికిల్ సెల్ సంగతి. మన్యం గూడేల పిల్లలను ఈ వ్యాధి ఎంత బాధపెడుతుందో మన ప్రాంతంలో పెరిగినవాళ్లకు వివరించనక్కర్లేదు. మీరు ఈ అంశం ఎంచుకున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. అయితే మామూలు ఎలుకకు మనిషిలోలాగా ప్రత్యేకమైన పిండ దశ హిమోగ్లోబిన్ లేదు. హిమోగ్లోబిన్‌లోని ప్రోటీన్ అయిన గ్లోబిన్ అందులో తొలి పిండ దశ రకం నుంచి నేరుగా పెద్దల రకానికి మారిపోతుంది. పైగా మనిషి పిండ దశ హిమోగ్లోబిన్‌లో ఉండే గామా గ్లోబిన్ ప్రమోటర్‌కు రాసిన గైడ్‌కు ఎలుక డీఎన్‌ఏలో సరిపోయే చోటు దొరకదు. అందుకే మానవ జన్యువులున్న ఎలుక కావాలి. టౌన్స్ అనే సికిల్ సెల్ నమూనా ఎలుకలో ఎలుక గ్లోబిన్ల బదులు మానవ గ్లోబిన్లు ఉంటాయి, కణాలు కొడవలి ఆకారానికి మారతాయి. వ్యాధి తగ్గిందా అన్నది అందులో చూడవచ్చు. కానీ దూరంనుంచి ఆ జన్యువులను నడిపే నియంత్రణ ప్రాంతం ఎలుకదే. గామా నుంచి పెద్దల గ్లోబిన్ అయిన బీటాకు జరిగే మార్పును చూడాలంటే మానవ బీటా గ్లోబిన్ ప్రాంతమంతా మోసే ఎలుకలు మేలు. ఒకే ఎలుకతో రెండూ తేల్చేశామని రాయకండి.

మరో చిక్కు కూడా ఉంది. 2023లో అనుమతి పొందిన క్యాస్జెవీ అనే క్రిస్పర్ చికిత్స, గామా గ్లోబిన్‌ను అణచివేసే బీసీఎల్11ఏ జన్యువు ఎన్‌హాన్సర్‌ను (ఆ జన్యువు పనిని పెంచే భాగాన్ని) ఒకసారి కత్తిరిస్తుంది, ఆ మార్పు మూలకణాల సంతతికీ అందుతుంది. మీ సాధనం కత్తిరించదు. అది కణంలో ఉన్నంతకాలమే జన్యువు మేల్కొని ఉండవచ్చు. ఏఏవీ మోసుకెళ్లిన డీఎన్‌ఏ కణాలు విభజన చెందేకొద్దీ పలచబడిపోతుంది. ఎలుక ఎర్రకణం ఆయుష్షు సుమారు 40 రోజులు. అంతకంటే ఎక్కువ కాలం గమనించకపోతే మీ ఫలితం నిలకడైనదో కాదో తెలియదు. ఈ ప్రశ్నకు మీ ప్రాజెక్టులో ఒక పేరా కేటాయించండి, సమీక్షకులు మొదట అడిగేది ఇదే.

పోలిక కోసం ఉత్తేజకం ఉండి గైడ్ లేని ఎలుకలు, ఏ జన్యువుకూ సరిపోని గైడ్ ఇచ్చిన ఎలుకలు రెండూ ఉండాలి. అవి అదే ఈతలో పుట్టినవైతే మంచిది. జంతు నైతిక సంఘం అనుమతి, జీవభద్రతా సంఘం అనుమతి రెండూ ముందే తీసుకోవాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని అన్నది లెక్కకట్టి చూపించాలి.

జంతుశాల అందుబాటులో లేకపోయినా శ్రీకాకుళంలో కూర్చుని చేయగలిగే పని చాలానే ఉంది. ఉచితంగా దొరికే జీనోమ్ డేటాబేస్‌లలో మానవ, ఎలుక ప్రమోటర్ వరుసలను పక్కపక్కన పెట్టి మీ గైడ్ దేనికి సరిపోతుందో, ఇంకెక్కడ అంటుకోవచ్చో చూడండి. ఎర్రకణాలుగా ఎదిగే మానవ కణాలలో మొదట పరీక్షించండి, ల్యాబ్‌లో సులువుగా పెరిగే, మూత్రపిండం నుంచి తీసిన హెచ్ఈకే కణాలతో సరిపెట్టకండి. ఎలుకల దశకు సరైన వసతి ఉన్న ప్రయోగశాలతో కలిసి పనిచేయండి. గైడ్ల వరుసలు సిద్ధమయ్యాక ఇక్కడే రాయండి, నేను చూసి చెబుతాను.