రిటైర్మెంట్ డబ్బులోంచి ఏటా ఎంత తీసుకుంటే 30 ఏళ్లు వస్తుంది?

మొదటి ఏడాది మొత్తంలో 3 శాతం, ఆపై ఏటా ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ తీసుకుంటే చాలావరకు నిబ్బరంగా ఉండొచ్చు, గ్యారంటీ మాత్రం కాదు. అందరూ చెప్పే 4 శాతం 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర చూసి వేసిన లెక్క. మన దగ్గర ధరలు సాధారణంగా అమెరికాలో కన్నా వేగంగా పెరుగుతాయి.

తిరుపతిలో సొంతిల్లుండి, 50 లక్షలతో రిటైరైన వ్యక్తికి తొలి ఏడాది 1,50,000, అంటే నెలకు 12,500. ధరలు 6 శాతం పెరిగితే రెండో ఏడాది 1,59,000. తక్కువే, నిజమే. పెన్షన్ వస్తే అది వేరే.

అసలు మొత్తాన్ని ముట్టుకోకుండా ఎఫ్‌డీ వడ్డీ అంతా ఖర్చుపెడితే టెన్షన్ లేదనుకోవడం చాలామంది పొరపాటు. 6 శాతం చొప్పున 12 ఏళ్లలో ఖర్చులు రెట్టింపవుతాయి, వడ్డీ మాత్రం అలా పెరగదు.