నరాల బలహీనత అనే మాట మా ఇంట్లో రెండేళ్ళు తిన్నది

"మా నాన్నగారి చెయ్యి వణుకుతోంది, ఇది నరాల బలహీనతేనా, ఏ మాత్రలు వాడాలి?" అని అడిగారు. మాత్ర పేరు నేను చెప్పను, చెప్పే అర్హతా నాకు లేదు. అయితే మీరు వాడిన ఆ మాటతో నాకు పాత తగాదా ఉంది.

మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. నాన్నగారు ముప్పయ్యేళ్ళకు పైగా మా ఊరి పోస్టాఫీసు నడిపారు. 2016లో ముందుగా ఆయన చేతిరాత మారింది. వరుస మొదట్లో మామూలుగానే ఉన్న అక్షరాలు చివరికి వచ్చేసరికి చీమల బారులా తయారయ్యేవి. తరువాత, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు, చుట్టకు పొగాకు నలుపుతున్నట్టుగా బొటనవేలూ చూపుడువేలూ కదలడం మొదలైంది. టీ గ్లాసు అందుకోగానే ఆ కదలిక ఆగిపోయేది. అంతకు నాలుగైదేళ్ళ ముందునుంచే ఇంగువ పోపు వాసన తెలియడం లేదని ఆయన అంటూ ఉంటే, తన వంటకు వంక పెడుతున్నారని అమ్మ అలిగేది. వాసన పోవడం కూడా పార్కిన్సన్ వ్యాధికి ముందస్తు గుర్తేనని మాకు అప్పుడు తెలియదు.

ఊళ్ళోని ఆర్‌ఎంపీ డాక్టరు చూసి నరాల బలహీనత అన్నారు. వారానికి రెండు చొప్పున ఎర్రటి బి కాంప్లెక్సు ఇంజెక్షన్లు, అలా రెండేళ్ళు.

తప్పంతా ఆయనదే అనను, ఎందుకంటే తిరకాసు మన మాటలోనే ఉంది. సెలైను ఎక్కించేది నరానికే అంటాం, నిజానికి అది రక్తం పారే సిర. పిక్క బిగుసుకుంటే నరం పట్టేసిందంటాం, పట్టేసింది కండరం. మడమ వెనుక తాడులా తగిలేదీ మనకు నరమే, అదేమో కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ. మెదడుకూ శరీరానికీ మధ్య కబుర్లు మోసే అసలు నరానికి పాఠ్యపుస్తకం నాడి అని పేరు పెట్టింది గానీ, నాడి అనగానే మనం మణికట్టు చాపుతాం. ఇన్నింటికీ కలిపి ఒకే మాట ఉన్నచోట, ఆ మాటకు బలహీనత అని తగిలిస్తే ప్రతి జబ్బూ అందులో ఒదిగిపోతుంది. ఈ ఒక్క మాట వల్ల మన ప్రాంతంలో ఎందరు ముసలివాళ్ళకు వైద్యం ఆలస్యమైందో లెక్క తీసేవారు లేరు గానీ, తీస్తే సిగ్గుపడవలసి వస్తుందని నా గట్టి నమ్మకం.

2018లో విశాఖలో న్యూరాలజిస్టు ఆయన మోచేతిని వంచి, చాచి, నడిపించి చూసి, ఇది పార్కిన్సన్ వ్యాధి అనీ, చేతి నరాలు నిక్షేపంలా ఉన్నాయనీ చెప్పారు. మెదడు నడిమి భాగంలో నల్లగా కనిపించే చిన్న ప్రాంతంలోని కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. అనుకున్న కదలిక అనుకున్నప్పుడు మొదలై సాఫీగా సాగడానికి అది కావాలి. వణుకు మనకంట పడేనాటికే ఆ కణాల్లో సగానికి పైగా పోయి ఉంటాయట. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే ఈ లక్షణాలను వివరంగా రాసిపెట్టాడు. అన్నీ విన్న నాన్నగారు, "అయితే పోస్టుమాన్ బాగానే ఉన్నాడు, సార్టింగులోనే చిక్కన్నమాట" అన్నారు. నేను చదివిన వివరణలేవీ ఇంత తేలికగా నాకు ఎక్కలేదు.

2022 భోగినాడు జరిగింది చెబుతాను. తెల్లవారుజామున మనవడు కట్టిన పిడకల దండ పట్టుకుని మంట దగ్గరికి బయలుదేరిన నాన్నగారు గడప దాటగానే ఆగిపోయారు. పాదాలు నేలకు అంటుకుపోయినట్టు నిలబడ్డారు. మోకాళ్ళు వణుకుతున్నాయి, అడుగు మాత్రం పడదు. "ఏటలా నిల్చుండిపోనారు, మంట ఆరిపోతాది రండి" అని అమ్మ కేక వేసింది. నేను చెయ్యి పట్టి లాగబోతే ముందుకు తూలారు. అంతలో ఆయన తల వంచి చూసేసరికి ఎదురుగా నా భార్య వేసిన ముగ్గు అంచున నాలుగు అడ్డగీతలు కనిపించాయి. ముగ్గు తొక్కరాదని పుట్టినప్పటినుంచీ ఒంటబట్టిన మనిషి కదా, కాలు ఎత్తి మొదటి గీత దాటారు, రెండోది దాటారు, మూడూ నాలుగూ చకచకా దాటారు. ముగ్గు అయిపోయి చదును నేల రాగానే మళ్ళీ ఆగిపోయారు. నా భార్య వంగి, ఆయన ముందు పిండితో ఇంకొక గీత లాగింది. దాన్నీ దాటారు. అలా గీత తరువాత గీత వేస్తూ భోగిమంట దాకా తీసుకుపోయాం.

డాక్టరును అడిగితే ఇది తెలిసిన సంగతేనన్నారు. తనంతట తానుగా అడుగు మొదలుపెట్టే దారి దెబ్బతిన్నా, కంటికి కనిపించే గుర్తును చూసి అడుగు వేయడానికి మెదడు వేరే దారిని వాడుకోగలదట. ఆ వారమే అరుగు మీద అడుగుకొకటిగా సున్నంతో గీతలు గీశాను. ఇది ఏ వాస్తు పండితుడు చెప్పాడని చుట్టాలు అడుగుతూనే ఉన్నారు.

ఆ చుట్టాలే దూలగొండి పొడి కూడా తెచ్చిచ్చారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే, ఆయన వేసుకునే మాత్రలో ఉన్నదీ అదే. డోపమైన్ నేరుగా రక్తంలోంచి మెదడులోకి పోలేదు గనుక, లోపలికి వెళ్ళి డోపమైన్‌గా మారే ఈ మందును ఇస్తారు. కానీ చెంచాడు పొడిలో మందు ఎంతో కొలిచిన వారెవరు? మాత్ర వేళ ఒక గంట జరిగితేనే మా ఇంట్లో మధ్యాహ్నమంతా తలకిందులవుతుంది. పప్పు, గుడ్డు వంటివి మందు ఒంటబట్టడానికి అడ్డొస్తాయి కాబట్టి భోజనానికి అరగంట ముందే వేస్తాం. దానికీ, పరగడుపున మాత్రలు వేడి చేస్తాయని ఒక చుట్టం తగువు.

ఇక మీ నాన్నగారి సంగతి. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతోందా, గ్లాసు ఎత్తినప్పుడు వణుకుతోందా గమనించి రాసిపెట్టుకోండి, ఆ రెండూ తరచుగా వేరువేరు జబ్బులు. ఇప్పటికే వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి, ఎందుకంటే వాంతులకూ కళ్ళు తిరగడానికీ ఇచ్చే కొన్ని మందులు కూడా ఇలాంటి వణుకే తెస్తాయి. అరికాళ్ళు తిమ్మిరెక్కి, రక్తపరీక్షలో బి12 తక్కువని తేలితే ఆ ఇంజెక్షన్లు నిజంగానే పనిచేస్తాయి, వాటి మీద నాకేమీ పగ లేదు.

నాన్నగారికి ఇప్పుడు రూళ్ళ కాగితం ఇస్తున్నాం. గీత మీద పెట్టి రాసినప్పుడు, వరుస చివరిదాకా అక్షరం కుదించుకుపోవడం లేదు.