కూతురు కుస్తీ మానేస్తానంటోంది, ఎలా దారికి తేవాలి?

"మాది బోధన్ దగ్గర పల్లె. హనుమకొండలో స్థిరపడ్డాం, ఆటో విడిభాగాల దుకాణం నడుపుతున్నాను. వయసులో ఉన్నప్పుడు జాతర కుస్తీలు పట్టినవాణ్ని. మా అమ్మాయికి 21 ఏళ్లు. పదకొండో ఏట నేనే మ్యాట్ ఎక్కించాను. 53 కిలోల విభాగంలో జూనియర్ స్థాయిలో రెండుసార్లు దేశం తరఫున విదేశాల్లో ఆడింది. శిక్షణ కోసం ఊళ్లో ఎకరం అమ్మాను. రెండు నెలల కిందట ఉత్తరాదిలోని క్యాంపు నుంచి వచ్చేసి, ఇక వెళ్లను, డిగ్రీ పూర్తి చేసుకుంటానంటోంది. కారణం చెప్పదు. తూకం ముందు రోజు మంచినీళ్లు కూడా ముట్టని మొండిపిల్ల ఇలా అయిపోయింది. వచ్చే నెల పంపిస్తానని కోచ్‌కు మాటిచ్చాను. మా ఆవిడేమో సంబంధాలు చూద్దామంటోంది. కోపం పట్టలేక పిల్లతో మాట్లాడడం మానేశాను. దాన్ని ఎలా దారికి తేవాలి?"
- ఒక తండ్రి, హనుమకొండ

మీరు గర్వంగా రాసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. తూకం ముందు రోజు మంచినీళ్లు ముట్టదన్నారు. మీకది పట్టుదలగా కనిపించింది. ఆమె ఎందుకు వచ్చేసిందో వెతకాలంటే నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీకు కుస్తీ తెలుసు, కాదనను. అయితే మీకు తెలిసింది జాతర కుస్తీ. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగిసే ఆ పోటీల్లో జోడీని పెద్దమనుషులు కంటిచూపుతో కుదురుస్తారు. త్రాసు పని లేదు. వీపు మట్టికి ఆనితే ఆట ముగిసింది, ఓడినవాడు ఆ రాత్రి చుట్టాలింట్లో కడుపునిండా తిని పడుకుంటాడు. మీ అమ్మాయి ఆడే ఫ్రీస్టైల్ రెజ్లింగ్‌లో మూడేసి నిమిషాల రెండు భాగాలుంటాయి, నడుమ ముప్పై సెకన్ల విరామం. పాయింట్ల తేడా పదికి చేరితే బౌట్ అక్కడితో సరి. ఇదంతా మీకు తెలిసే ఉంటుంది. కానీ ఆ ఆరు నిమిషాలకు ముందు తన విభాగం బరువుకు దిగడానికి వారాల తరబడి ఆమె ఒంటరిగా త్రాసుతో పట్టే కుస్తీని మీరెప్పుడూ చూసి ఉండరు.

మల్లయోధురాలు వినేశ్ ఫోగాట్ ఉదంతం గుర్తుందా? 2024 ఆగస్టు 6న పారిస్ ఒలింపిక్స్‌లో, విదేశీ క్రీడాకారిణి చేతిలో ఓటమి ఎరుగని జపాన్ అమ్మాయి యుయి సుసాకిని ఓడించింది, అదే రోజు 50 కిలోల ఫైనల్‌కు చేరింది. రాత్రంతా నిద్ర లేకుండా కసరత్తు చేసినా, జుట్టు కత్తిరించుకున్నా, మర్నాడు ఉదయం తూకంలో వంద గ్రాములు ఎక్కువ తేలింది. పతకం పోయింది. మనమంతా ఆ వంద గ్రాముల గురించే మాట్లాడుకున్నాం. ఒక ఆడమనిషి ఒంట్లోంచి ఆ రాత్రి ఎంత నీరు పిండేసి ఉంటారో ఆలోచించినవాళ్లు తక్కువ. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు ఇలా బరువు దించుకుంటూనే చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ నిబంధనలు బిగించారు.

ఏళ్ల తరబడి శ్రమకు తగ్గ తిండి లేకపోతే ఆడపిల్లల్లో నెలసరి తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి, చిన్న దెబ్బకే చీలతాయి, మనసు దేనిమీదా నిలవదు. ఇవి మీతో చెప్పుకునే సంగతులు కావు, వాళ్లమ్మతో చెబుతుంది. కనుక సంబంధాల మాట కాస్త పక్కన పెట్టి, నెలసరి సరిగ్గా వస్తోందా అని మెల్లగా అడగమని మీ ఆవిడకు చెప్పండి. తేడా ఉంటే స్త్రీల వైద్యురాలికి చూపించండి, రక్తహీనత పరీక్ష కూడా చేయించండి. ఈ ఉత్తరంలో నేను అడిగేవాటిలో ఇదే అన్నిటికన్నా ముందు జరగాలి.

ఆమె సహజమైన బరువు ఎంతో మీకు తెలుసా? ఏ 57 కిలోలో ఉండి 53కు దిగుతోందంటే ఆ విభాగమే ఆమెది కాదేమో. ఒలింపిక్స్‌లో 53 పైన 57, 62 ఉన్నాయి. హెలెన్ మరూలిస్ అనే అమెరికా క్రీడాకారిణి 2016 రియోలో 53 కిలోల ఫైనల్లో, మూడు ఒలింపిక్ స్వర్ణాల సవోరి యోషిదాను ఓడించింది. తర్వాత తలకు తగిలిన దెబ్బలతో శరీరమూ మనసూ చెదిరి, కొంతకాలం ఆటకే దూరమైంది. కుదుటపడ్డాక తిరిగొచ్చి 57 కిలోల విభాగంలో టోక్యోలో, పారిస్‌లో కాంస్యాలు గెలిచింది. మీ అమ్మాయి కూడా తిరిగి వెళ్తుందని ఆశ పెట్టడానికి చెప్పడం లేదు. ఆట ఆపడం నేరం కాదని, ఆపినవాళ్లందరూ చేతకానివాళ్లు కారని మీకు తెలియాలి.

ఇంకొకటి. 21 ఏళ్లంటే జూనియర్ వయసు దాటింది. నిన్నటిదాకా తన ఈడువాళ్లను గెలిచిన పిల్ల ఇప్పుడు పాతికేళ్లు దాటిన, ఎముక ముదిరిన సీనియర్ల కింద పడుతోంది. చుట్టూ ఎక్కువమంది హర్యానా అమ్మాయిలు, భాష వేరు, తిండి వేరు. ఓటముల మధ్య తెలుగులో మాట్లాడే మనిషి లేకపోవడం చిన్న విషయం కాదు.

రాయడానికి ఇష్టం లేకపోయినా రాయక తప్పని సంగతి కూడా ఉంది. 2023లో దేశానికి పతకాలు తెచ్చిన మల్లయోధురాళ్లే లైంగిక వేధింపుల మీద ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. మీ అమ్మాయికి అలాంటిదేదో జరిగిందని నేను అనడం లేదు. కారణం చెప్పని పిల్ల విషయంలో ఆ అవకాశాన్ని కొట్టిపారేయకూడదు, అంతే. మీరు నిలదీయకండి. ఆమెకు చనువున్న పిన్నో మేనత్తో అడగాలి, అదీ ఒకసారి. చెబితే వెంటనే నమ్మండి, "నువ్వెందుకు వెళ్లావు" అన్న మాట నోట రానీయకండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. సాయం కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఉంది.

ఎకరం సంగతికి వద్దాం. ఆ లెక్క ఆమెకు మీకన్నా బాగా గుర్తుంటుంది. మీరు నోరెత్తక్కర్లేదు, అన్నం పెట్టేటప్పుడు ముఖం తిప్పుకున్నా చాలు, అర్థమవుతుంది. అమ్మకం నిర్ణయం మీది, పదకొండేళ్ల పిల్లను అడిగి అమ్మలేదు. పైగా డబ్బు బూడిదలో పోయలేదు: దేశం తరఫున ఆడిన ధ్రువపత్రాలకు రైల్వే, పోలీసు శాఖల క్రీడా కోటా నియామకాల్లో విలువ ఉంది. మల్లయోధురాలు సాక్షి మలిక్‌కు ఉద్యోగమిచ్చింది రైల్వేయే. వయోపరిమితులు ఉంటాయి కనుక అసలు ప్రతులు జాగ్రత్త చేయండి. (దయచేసి వాటిని ఫ్రేము కట్టించి దుకాణంలో వేలాడదీయకండి.)

మీకు నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ పేరు, పర్వతగిరి మండలం కల్లెడ నుంచి పరుగులో పారాలింపిక్ కాంస్యం దాకా వెళ్లిన దీప్తి జీవాంజి పేరు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నిఖత్ తండ్రి నలుగురి మాటలు భరించి కూతురి వెనక నిలబడ్డారు. ఆ భరించడం నేర్చుకోండి. పతకాలను మాత్రం మీ పిల్ల ముందు పోలికకు పెట్టకండి.

పెళ్లి ఇప్పుడొద్దు. ఈ స్థితిలో చూసే సంబంధం ఆమెకు శిక్షలా తోస్తుంది. మిగిలిన డిగ్రీ పరీక్షలకు ఫీజు కట్టండి, ఆ పని మీరే స్వయంగా చేయండి.

మాట కలపాలంటే పెద్ద ప్రసంగం అవసరం లేదు. "ఇన్నాళ్లు మాట్లాడకపోవడం నా తప్పు, నువ్వు చెప్పినప్పుడు వింటాను" అని చెప్పి ఊరుకోండి. ఊరుకోవడమే మీలాంటివారికి కష్టం. రెండో రోజే "ఏమాలోచించావు" అని అడిగితే చెప్పినదంతా వృథా. ఆరు నెలల దాకా కుస్తీ ప్రస్తావన ఆమె తెస్తేనే రావాలి. ఈలోగా తనంతట తాను ఏ జేఎన్ స్టేడియానికో వెళ్లి పరుగు తీసినా దాన్ని శుభశకునంగా చాటకండి.

ఇక కోచ్‌కు ఇచ్చిన మాట. అది మీది కాని మాట, మీరు ఇవ్వకూడనిది. ఈ రోజే ఫోను చేసి, "వచ్చే నెల రాదు, వస్తుందో రాదో ఆమే మీకు చెబుతుంది" అనండి. దుకాణం నుంచి కాదు, ఇంట్లో అమ్మాయి ఉన్నప్పుడు చేయండి.