ఆ జవాబు ఇంకా పంపకు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చేసింది. నీ గ్యాస్ స్టేషన్ వెనకింటి వాళ్ల బావి నీళ్లలో బెంజీన్ (పెట్రోలులో ఉండే విషపదార్థం) తేలిందనీ, రాష్ట్రం నుంచి నీకు లెటరు వచ్చిందనీ చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన జవాబు కూడా చదివాను. "నేను 2016లో కొన్నాను, లీకు అంతకు ముందుది, నాకు సంబంధం లేదు" అని రాశావు. దాన్ని పంపకు. అందులో నిజం ఉండొచ్చు, కానీ రాసిన తీరు నీకే ఎదురు తిరుగుతుంది. ఎలాగంటావా, నా సంగతి చెబుతాను.

నేను ఇక్కడ టెక్సాస్‌లో 1999లో స్టేషన్ కొన్నాను. 2007లో నాకూ ఇలాంటి లెటరే వచ్చింది. కోపంలో ఆ రాత్రే కూర్చుని "పాత ఓనరు కాలంలోనే ట్యాంకులు కారాయి" అని రాసి పంపేశాను. రాష్ట్రం దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్నది నా ఇన్సూరెన్స్ కంపెనీ. ట్యాంకు పాలసీల్లో చాలావాటికి రెట్రోయాక్టివ్ డేట్ అని ఒకటుంటుంది. ఆ తేదీ తర్వాత మొదలైన లీకుకే డబ్బిస్తారు. నా పాలసీలో అది 1999. "లీకు పాతదని మీరే రాశారు కదండీ" అని నా లెటరే నా ముందు పెట్టారు. మూడేళ్లు లాయర్లకు పోసి చివరికి సగానికి సెటిల్ చేసుకున్నాను. అందుకే ముందు నీ పాలసీ తీసి ఆ తేదీ చూడు. లీకు బయటపడిన సంగతి పాలసీ నడుస్తుండగానే వాళ్లకు తెలియజేయాలన్న షరతు కూడా ఉంటుంది, దాన్నీ చూడు. మీ జార్జియాలో గస్ట్ ట్రస్ట్ ఫండ్ ఉంది, భూమిలోని ట్యాంకుల లీకులు శుభ్రం చేయించడానికి రాష్ట్రం పెట్టిన నిధి అది. నువ్వు అందులో ఉన్నావా, ప్రైవేటు పాలసీలో ఉన్నావా అన్నది నాకు తెలియాలి. మా టెక్సాస్ ఫండ్ 1998 డిసెంబర్ తర్వాత రిపోర్టయిన లీకులకు దక్కదు, అందుకే నేను అంత ఇబ్బంది పడ్డాను.

ఇంకో మాట. "నా బాధ్యత కాదు" అనేది ఒకే గొడవ అనుకుంటున్నావు, అందులో రెండున్నాయి. శుభ్రం చేయించే పని ఎవరిదన్నది ఒకటి, చివరికి డబ్బెవరు పెట్టుకోవాలన్నది ఇంకోటి. ఫెడరల్ చట్టం ప్రకారం భూమిలోని ట్యాంకు ఈరోజు ఎవరి సొంతమో రాష్ట్రం వాళ్ల దగ్గరికే వస్తుంది. అక్కడ వాదించి టైము పోగొట్టుకోకు. డబ్బు సంగతి పాత ఓనరుతో, వాడికి ట్యాంకులు పెట్టిచ్చిన వాళ్లతో, పక్క స్టేషన్ వాళ్లతో తేల్చుకోవచ్చు. నీ కొనుగోలు అగ్రిమెంట్‌లో "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను) అని ఉందా, పాత కాలుష్యానికి అమ్మినవాడు హామీ ఇచ్చాడా అని లాయరు చేత వెతికించు. రియల్ ఎస్టేట్ లాయరు చాలడు, ట్యాంకు కేసులు చూసినవాడు కావాలి.

లీకు ఉందని అనుమానం వస్తే 24 గంటల్లో రాష్ట్రానికి చెప్పాలి. మానిటర్ అలారం మోగినా, స్టాకు లెక్క వరసగా తేడా వచ్చినా అంతే. నువ్వు చెప్పావా? చెప్పకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు లాయరుకు ఫోన్ చేసి ఈరోజే చెప్పు. చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. చెప్పకపోవడమే వేరే తప్పవుతుంది. తర్వాత నీ టెన్షన్ అంతా దాని మీదే ఉంటుంది.

ఇక నేల ఏం చెబుతుందో చూద్దాం. నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియాలంటే కనీసం మూడు మానిటరింగ్ బావులు (భూగర్భజలం కొలిచి, శాంపిల్ తీసే సన్నటి బోర్లు) కావాలి, అవి త్రికోణంగా ఉండాలి, ఒకే వరసలో కాదు. వెనకింటి బావి నీ ట్యాంకులకు ఎగువనా దిగువనా అన్నదే కేసులో సగం. వానాకాలంలో ఒక దిశ, ఎండల్లో ఇంకో దిశ కనిపించొచ్చు, కాబట్టి ఒక్కసారి కొలిచి సంబరపడకు. శాంపిల్‌లో ఎంటీబీఈ కోసం కూడా చూడమను. ఒకప్పుడు పెట్రోలులో కలిపేవారు, 2006కల్లా అమెరికాలో దాదాపు ఆపేశారు. అది కనిపించిందంటే అందులో పాత పెట్రోలు ఉన్నట్టే. కానీ జాగ్రత్త, పాతది ఉందంటే కొత్తది లేదని కాదు. నా దగ్గర అదే జరిగింది. మొత్తం పాత ఓనరుదేనని నేను ఊరంతా చెప్పుకుంటుంటే, మూడో నంబరు డిస్పెన్సర్ (పెట్రోలు పోసే పంపు) కింద పైపులుండే గుంటలో, అంటే సంప్‌లో, ఒక జాయింటు సన్నగా కారుతోంది. సిగ్గేసింది. ఆ సంప్ మూత చివరిసారి ఎవరు ఎప్పుడు తీసి చూశారో నా దగ్గర కాగితం కూడా లేదు.

కాబట్టి నీ లెక్కలన్నీ బయటకు తియ్యి. ట్యాంకు మానిటర్ ప్రింటవుట్లు, లైన్ టెస్టులు, రిపేరు బిల్లులు, డెలివరీ రసీదులు. కొనేముందు ఫేజ్ వన్ (స్థలంలో కాలుష్యం ఉండొచ్చా అని పాత రికార్డులు, స్థలం చూసి చెప్పే రిపోర్టు) చేయించానన్నావు కదా, అందులో సాధారణంగా మట్టి తవ్వరు, నీళ్లు తియ్యరు. మట్టీ నీళ్లూ తీసి పరీక్షించే ఫేజ్ టూ చేయించి ఉంటే మాత్రం బంగారం. రాష్ట్రం వాళ్లో పక్కవాళ్లో శాంపిల్ తీసినప్పుడు అందులో సగం నీకిమ్మని అడిగి నీ ల్యాబుకూ పంపు. లాయరు చెప్పేదాకా ట్యాంకులు తవ్వించకు. గుంట పూడ్చేశాక చూపించడానికి ఏమీ మిగలదు.

వెనకింటి వాళ్ల సంగతి. వాళ్లింట్లో చిన్నపిల్లలున్నారని మీ అమ్మ చెప్పింది. తాగే నీళ్లలో బెంజీన్ 5 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఐదు) దాటకూడదన్నది ఫెడరల్ పరిమితి. రిపోర్టులో ఎంత వచ్చిందో పక్కన పెట్టు, ఈ వారమే వాళ్లకు తాగే నీళ్ల క్యాన్లు వేయించే ఏర్పాటు చెయ్యి. "బాధ్యత ఒప్పుకోకుండా సాయం" అని లాయరు రెండు లైన్లు రాసిస్తాడు. నువ్వే స్వయంగా వెళ్లి కలువు, కానీ లీకు ఎక్కడిదో, ఎప్పటిదో ఒక్క ముక్క మాట్లాడకు.

శనివారం నేను అట్లాంటా వస్తున్నాను. అగ్రిమెంట్, పాలసీ, ఫేజ్ వన్ రిపోర్టు టేబుల్ మీద పెట్టి ఉంచు. మీ అత్త గోంగూర పచ్చడి పంపుతోంది, అమ్మకు చెప్పు.

నీ మామయ్య