ముట్టు గురించి కథ రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ చదివాను. ముట్టు గురించి రాయాలంటే ఇప్పటికీ కాస్త ధైర్యం కావాలి, అది నీకుంది. భాష కూడా బాగుంది. మెచ్చుకోళ్లు ఇక్కడితో ఆపి, చదువుతుంటే నాకు అడ్డం తగిలిన చోట్లు చెప్తాను. మేడమ్ అని రాశావు, అక్కా అంటే చాలు.

ముందు అమ్మమ్మ సంగతి. నీ కథలో ఆవిడ వచ్చిన ప్రతిసారీ కళ్లెర్రజేస్తుంది, చీదరించుకుంటుంది. చివరికి మనవరాలి చేత ఒకటిన్నర పేజీ ఉపన్యాసం విని నోరు మూసుకుంటుంది. అలాంటి అమ్మమ్మలు లేకపోలేదు. కానీ గయ్యాళుల మీదే ఆధారపడి ఉంటే మైల ఇన్ని తరాలు నిలబడేది కాదు. ప్రేమగా చూసుకునేవాళ్లే దాన్ని నిలబెట్టారు. పిల్లకు విడిగా కంచం పెట్టిన చెయ్యే అందులో ఇంకో చెంచా నెయ్యి వేస్తుంది. "నీరసంగా ఉంటావు, తిను తల్లీ" అంటుంది. అంటూనే చెయ్యి తగలకుండా పైనుంచి వేస్తుంది. ఆ నెయ్యినీ ఆ ఎడాన్నీ ఒకే వాక్యంలో పెట్టగలిగితే నీకు ఉపన్యాసంతో పనిలేదు. తిట్టే మనిషి మీద పిల్ల కోపం తెచ్చుకోగలదు. తన మంచి కోరే మనిషే తనను తాకకుండా తప్పుకుంటే ఏమనుకోవాలో పన్నెండేళ్ల పిల్లకు తెలియదు. తెలియక, తప్పు తన ఒంట్లోనే ఉందనుకుంటుంది. ఆ అనుకోవడమే నీ కథ. వీలైతే అమ్మమ్మ మొదటిసారి మూల కూర్చున్న రోజును ఆవిడ గొంతుతో ఒక పేజీ రాసి చూడు. కథలో పెట్టకపోయినా ఆ పేజీ పనికొస్తుంది.

ఊరగాయ జాడీ ముట్టకూడదు, తులసికోట దగ్గరికి వెళ్లకూడదు, మూడు రోజులు చాప మీదే పడక, నాలుగో రోజు తలస్నానం. ఈ జాబితా చదివితే ఎవరికీ ఏమీ అనిపించదు, అందరికీ తెలిసిందే కనుక. అది పిల్ల బుర్రలో ఏం చేస్తుందో రాయి. దేవుడి గది ముందు ఆమె గోడవారగా ఎందుకు నడుస్తుంది? బడిలో బెంచీ మీంచి లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకోవడం, "ఏమైనా అయిందా చూడవే" అని పక్కపిల్లను అడగడం ఎప్పుడు అలవాటైంది? తనకు తానే కాపలా కాసుకోవడం నేర్చుకున్న పిల్ల, మిగతా రోజుల్లో మాత్రం ఆ కాపలా మానేస్తుందా? పాస్‌బెల్‌కి లేవడానికి భయపడే పిల్ల, టీచరు అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసినా లేవదు. ఇక్కడ ఆగి, తొందరపడకుండా రాయి.

మూల కూర్చోవడమంటే ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ చాటింపు వేసినట్టే. నాన్నకు తెలుసు, తమ్ముడికి తెలుసు. అయినా దాచిపెట్టాల్సిన బాధ్యత ఆమె ఒక్కదానిదే. మెడికల్ షాపువాడు ప్యాకెట్‌ను పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి ఇస్తాడు. ఆ నల్ల కవరు చూడగానే లోపలేముందో వీధిలో అందరికీ తెలుస్తుంది. (నవ్వొచ్చే సంగతే. నవ్వించగలిగితే నవ్వించు, ఏడిపించేవాళ్లం ఇప్పటికే చాలామందిమి ఉన్నాం.)

నీ కథలో లేని వింత ఇంకొకటుంది. ఇదే పిల్ల పెద్దమనిషి అయినప్పుడు ఊరంతటినీ పిలిచి ఫంక్షన్ చేస్తారు. పట్టుబట్టలు, ఫొటోలు, వీధి మొదట్లో ఆమె బొమ్మతో ఫ్లెక్సీ. ఏడో తరగతి పిల్ల ఒంట్లో ఏం జరిగిందో తన క్లాసు మగపిల్లలకు ఆ ఫ్లెక్సీ చెప్తుంది. అక్షింతలు వేసి దీవించిన మేనత్తే మరుసటి నెల "అక్కడే ఆగు" అంటుంది. మొదటి నెల పండగ, రెండో నెల నుంచి అంటు. నేనైతే కథను ఇక్కడ మొదలుపెట్టేదాన్ని.

మాత్రల సంగతి కూడా ఎవరైనా రాయాలి. పెళ్లో వ్రతమో తిరుపతి ప్రయాణమో దగ్గరపడితే "నీ డేటు ఎప్పుడు?" అని అడుగుతారు. ఆ తర్వాత నెలసరి వాయిదా పడటానికి నోరెథిస్టిరోన్ మాత్రలు వస్తాయి. డాక్టరు చూసి రాయాల్సిన హార్మోను మందు అది, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లు వాడకూడదు. చాలా ఇళ్లలో ఆ వివరాలు అడిగే మనిషే ఉండరు. ముహూర్తం మారదు కాబట్టి పిల్ల ఒళ్లే మారాలి. ఆ ఇంటి క్యాలెండరు మీద ఎవరి తేదీల చుట్టూ సున్నా చుట్టి ఉంటుందో చూడు.

ఇల్లంటే గుర్తొచ్చింది, నీ కథలో ఇల్లు చాలా పెద్దది. విడిగా గది, పెరడు, వంటకు ఇంకో మనిషి. మైల పాటించాలంటే చోటు కావాలి, చేతులు కావాలి. ఒంటిగది ఇంట్లో ఆ మూడు రోజులు ఎక్కడ గడుస్తాయి? కూలికి పోయే తల్లికి సెలవెవరిచ్చారు? ఆ పెద్ద ఇంటివాళ్లు తాకని బట్టలను చాకలి ఇంటి ఆడవాళ్లు తాకి ఉతికారు, అయినా వాళ్లను వాకిట్లోనే నిలబెట్టారు. కులాన్ని వదిలేసి శుద్ధి గురించి రాస్తే సగమే రాసినట్టు. శబరిమల గుడిలోకి ఆడవాళ్ల ప్రవేశం కేసులో 2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, నెలసరి పేరుతో దూరం పెట్టడం అంటరానితనంలో ఒక రూపమేనని జస్టిస్ చంద్రచూడ్ రాశారు. తీర్పు ఇచ్చిన ఐదుగురు న్యాయమూర్తుల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ, జస్టిస్ ఇందూ మల్హోత్రా, మిగతా నలుగురితో విభేదించారు. ఆవిడ వాదన కూడా శ్రద్ధగా చదువు. ఎదుటివాళ్లందరూ తెలివితక్కువవాళ్లే అయితే కథ పలచబడుతుంది.

కథ అచ్చయ్యాక నీకొచ్చే మొదటి ఉత్తరం ఏమిటో ఇప్పుడే చెప్పగలను. "పెద్దలు ఆడవాళ్లకు విశ్రాంతి ఇవ్వడానికే ఇవన్నీ పెట్టారు" అంటారు. విశ్రాంతి అయితే కావాలా అని అడుగుతారు, వద్దంటే ఊరుకుంటారు. విశ్రాంతి తీసుకుంటున్న మనిషి జాడీ ముట్టుకుంటే దోషం ఎందుకవుతుంది? వినాయక చవితి మర్నాడు చేసే ఋషిపంచమి వ్రతకథలో, ఆ రోజుల్లో గిన్నెలు తాకిన ఇల్లాలు కుక్కగా పుడుతుంది, ఆ దోషం అంటుకుని మొగుడు ఎద్దుగా పుడతాడు. యజుర్వేదంలోని తైత్తిరీయ సంహితలో ఇంద్రుడి బ్రహ్మహత్యా పాపాన్ని భూమి, చెట్లు, ఆడవాళ్లు పంచుకుంటారు, ఆడవాళ్ల వంతు నెలసరి అయింది. చంపింది ఇంద్రుడు. విశ్రాంతి మాట నాకైతే అందులో ఎక్కడా కనపడలేదు.

అలాగని ఒక్క మతానికే తగిలించకు. బైబిల్లో లేవీయకాండం 15వ అధ్యాయం ఆమెను ఏడు రోజులు అపవిత్రురాలంటుంది, ఆమె కూర్చున్న చోటుతో సహా. ఇస్లాంలో ఆ రోజుల్లో ఉపవాసం లేకపోయినా, రంజాన్ నెలలో అన్నదమ్ముల కంట పడకుండా చాటుగా తినే అమ్మాయిలున్నారు. ఎదురు చెప్పినవాళ్లూ లోపలివాళ్లే. 12వ శతాబ్దంలో బసవన్న దారి పట్టినవాళ్లు ఐదు సూతకాలనూ, అంటే ఐదు రకాల మైలనూ కాదన్నారు, వాటిలో నెలసరి మైల, రజస్సూతకం, ఒకటి. 14వ శతాబ్దంలో సోయరాబాయి, మహార్ కులంలో పుట్టిన మరాఠీ భక్త కవయిత్రి, మైల లేకుండా పుట్టిన దేహం ఏదో చెప్పమని నిలదీసింది. కాబట్టి "ఇవన్నీ పాశ్చాత్య భావాలు" అనే మాటకు బెదరకు.

ఆరో పేజీలో గజ తుఫాను ప్రస్తావన తీసెయ్యి. 2018 నవంబర్‌లో తంజావూరు జిల్లాలో, కొత్తగా రజస్వల అయిన పిల్లను విడిగా పడుకోబెట్టిన గుడిసె మీద కొబ్బరిచెట్టు కూలి ఆమె చనిపోవడం నిజం. 2020లో గుజరాత్‌లోని భుజ్‌లో ముట్టు ఎవరికొచ్చిందో తేల్చడానికి హాస్టల్ అమ్మాయిల బట్టలు విప్పించడమూ నిజమే. వాటి మీద వ్యాసం రాయి, నేనే అడిగి వేయిస్తాను. కథలో పాత్ర నోట పేపరు చదివినట్టు వస్తున్నాయి. అదీగాక అంత ఘోరం చూపించగానే "మా ఇంట్లో అలా లేదులే, మేం చాప ఒక్కటే వేస్తాం" అనుకుని చదివేవాళ్లు తప్పించుకుంటారు. నువ్వు రాయబోయింది చాప ఒక్కటే వేసే ఇంటి గురించి కదా.

అమ్మ చదువుతుందేమోనని టెన్షన్‌గా ఉందన్నావు. చదువుతుంది. ఊరూ ఇంటి గుర్తులూ మార్చు. అమ్మ నీతో ఒంటరిగా చెప్పుకున్న సంగతి ఏదైనా వాడితే ముందు ఆమెను అడుగు, వద్దంటే తీసెయ్యి. నీ సొంత ఒంటి సంగతి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్చిన ప్రతి పంపేటప్పుడు పేజీలకు నంబర్లు వెయ్యి, ఈసారి తొమ్మిదో పేజీ ఎనిమిదో పేజీ కంటే ముందొచ్చింది.

నీ
అక్క