తెలుగూ ఒడియా రెండూ రాసుకునే ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్: ముందుగా ఏవి నేర్చుకోవాలి?

రాయగడ నుంచి ఒక మాస్టారు అడిగారు: "బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి విండోస్ 11 ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. మా నాన్నగారు తెలుగులో రాసుకున్న నోటుబుక్కులు నాలుగున్నాయి, అవి టైపు చేసి దాచాలని కోరిక. ఆఫీసులకి అర్జీలేమో ఒడియాలో రాయాలి. రోజూ పనికొచ్చే చిట్కాలు చెప్పండి."

మాస్టారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. పదిహేడేళ్లుగా జెరాక్సు, డీటీపీ, ఆన్‌లైన్ ఫారాల షాపు నడుపుతున్నాను. షార్ట్‌కట్లు వందకి పైనే ఉన్నాయి, అవన్నీ మీకు అక్కర్లేదు. మన సరిహద్దు ఊళ్లలో కంప్యూటర్ ముందు కూచునేవాళ్లకి ముందు రెండు కావాలి. రెండు లిపులూ వేళ్లకి అలవాటు కావాలి, చేసిన పని పోకుండా ఉండాలి. తక్కినవి వాడుతూ ఉంటే వాటంతటవే వస్తాయి.

టైపింగుతో మొదలుపెడతాను. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కి వెళ్లి, యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు, ఒడియా రెండూ కలుపుకోండి. ఆ తర్వాత విండోస్ కీ పట్టుకుని స్పేస్‌బార్ నొక్కిన ప్రతిసారీ ఇంగ్లీషు, తెలుగు, ఒడియా ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. ఇప్పుడు ఏ భాషలో ఉన్నారో తెర కింద కుడిమూల కనిపిస్తుంది.

కీబోర్డుల్లో రెండు రకాలు దొరుకుతాయి. ఫొనెటిక్ అయితే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, అది తెలుగు చేసి ఇస్తుంది. వాట్సాప్‌లో ఒక లైను పంపడానికి అది చాలు. కానీ నాలుగు నోటుబుక్కులంటే ఫొనెటిక్‌తో విసుగొస్తుంది. న, ణ, ల, ళ వచ్చిన ప్రతిచోటా ఆగి, అది చూపించిన మాటల్లోంచి ఏరుకోవాలి. మీ మనసేమో తెలుగులో ఉంటుంది, వేళ్లేమో ఇంగ్లీషు స్పెల్లింగు వెతుకుతుంటాయి. మీరు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. విండోస్‌లో భాష కలిపాక వట్టి 'తెలుగు', 'ఒడియా' అనే పేర్లతో ఉండే కీబోర్డులు అవే.

ఇన్‌స్క్రిప్ట్‌ని 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం ఖాయం చేసింది. మన లిపులన్నిటికీ వర్ణమాల వరుస ఒక్కటే కాబట్టి, ఒక ధ్వనికి అన్ని భాషల్లోనూ ఒకే కీ ఇచ్చారు. ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతాలూ, కుడిచేతి వైపు హల్లులూ ఉంటాయి. 'కె' నొక్కితే క, షిఫ్ట్ పట్టుకుని అదే నొక్కితే ఖ. 'ఐ' నొక్కితే గ, షిఫ్ట్‌తో ఘ. 'డి' నొక్కితే పొల్లు. ఒత్తు కావాలంటే మధ్యలో పొల్లు పెట్టడమే. అమ్మ అని రాయాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. అఆలు దిద్దించిన చేతులు మీవి, ఈ లెక్క మీకు నాకన్నా తొందరగా పట్టుబడుతుంది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. షాపు పెట్టిన కొత్తలో తెలుగు మటుకే ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టేవాణ్ణి. ఒడియా పని వస్తే ఇంకొకరి మీద ఆధారపడేవాణ్ణి. ఒకరోజు ఒక కరపత్రం టైపు చేస్తున్నాను, 'నగర ప్రజలకు' అని మొదలు. కళ్లు కాగితం మీద, వేళ్లు కీల మీద. ఎప్పుడో చెయ్యి తగిలి భాష మారిపోయింది, నేను చూడలేదు. పక్కన జెరాక్సు కోసం నిలబడ్డ ఒడియా పెద్దాయన తెర వైపు చూసి, కూడబలుక్కుంటూ "నొగొరొ ప్రొజొలొకు" అని పైకి చదివారు. తలెత్తి చూస్తే తెర మీద ఉన్నవన్నీ ఒడియా అక్షరాలు! మాటలు మాత్రం నేను కొట్టినవే. వి, ఐ, జె అని మూడు కీలు నొక్కితే తెలుగులో నగర, ఒడియాలోనూ నగరే. ఆ పూట నుంచి ఒడియా కీబోర్డు విడిగా నేర్చుకునే అవసరం నాకు రాలేదు. తేడాలు కొద్దిగా ఉన్నాయి. హ్రస్వమైన ఎ, ఒ తెలుగులో ఉన్నాయి, ఒడియాలో లేవు. అందుకని తెలుగులో ఎత్వానికి 'జెడ్' కీ, ఏత్వానికి 'ఎస్' కీ వాడతాం. ఒడియాలో 'ఎస్' ఒక్కటే సరిపోతుంది. ఇలాంటివి చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

కీల మీద తెలుగు అక్షరాలు లేవే అని బెంగ వద్దు. విండోస్ కీ, కంట్రోల్ కీ రెండూ పట్టుకుని 'ఓ' నొక్కండి, తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. భాష మారిస్తే ఆ బొమ్మ మీది అక్షరాలూ మారతాయి. దాన్ని చూస్తూ రోజుకి నాలుగు కీల చొప్పున నేర్చుకోండి. పూటకి అరగంట కూచుంటే నెల తిరిగేసరికి బొమ్మ అవసరం ఉండదు. మా షాపులో పనికి చేరినవాళ్లందరికీ ఇలాగే నేర్పాను.

ఫాంటు సంగతి జాగ్రత్తగా వినండి, మన దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పాతపట్నం వైపు నుంచి ఒకాయన పెళ్లికార్డు ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, గీతలు. ఆయన మొహం పాలిపోయింది. ఫైలు పాడవలేదు. పాత డీటీపీ ఫాంట్లలో కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు అక్షరమే, పైన తెలుగు రూపం తొడుగుతారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తొడుగు ఊడిపోయి లోపలిది బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా జరగదు. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి ఒడియా అక్షరానికీ దాని సొంత సంఖ్య ఉంటుంది. ఏ ఫోనులో తెరిచినా అదే అక్షరం కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది. మీరు విండోస్ కీబోర్డుతో కొట్టేదంతా యూనికోడే. ఎప్పుడైనా నోటుబుక్కులో కొంత భాగం బయట టైపు చేయిస్తే, డబ్బులిచ్చే ముందు ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయమనండి. అక్కడ తెలుగు కనిపిస్తే యూనికోడ్, గీతలు కనిపిస్తే కాదు. కార్డు అందంగా రావడానికి పాత ఫాంట్లు వాడితే వాడుకోనివ్వండి. దాచుకునే రాత మటుకు యూనికోడ్‌లోనే ఉండాలి.

తెలుగూ ఒడియా ఒకే కాగితం మీద రావాలంటే విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ ఫాంటు పెట్టండి. రెండు లిపులూ అందులోనే ఉన్నాయి. సవర వాళ్ల సొరంగ్ సోంపెంగ్ లిపి కూడా ఉంది. 1936లో మంగెయ్ గొమాంగో తయారుచేసిన ఆ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు కదా, ఆ ఊళ్లో కూచుని మూడు లిపులూ ఒకే ఫాంటులో చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. అర్జీ ఎవరికైనా పంపేటప్పుడు వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ చేసి పంపండి. ప్రింట్ నొక్కి, ప్రింటర్ పేరు దగ్గర మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ఎంచుకుంటే చాలు.

ఇక పని పోకుండా చూసుకోవడం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా అతలాకుతలమైపోయింది. షాపు పైరేకు లేచిపోయింది. కంప్యూటర్ తడిసింది. నేను బ్యాకప్ తీసుకునేవాణ్ణే, ఏ వారానికావారం హార్డ్‌డిస్కులోకి ఎక్కించేవాణ్ణి. ఆ హార్డ్‌డిస్కు అదే బల్ల సొరుగులో ఉంది. సొరుగు లాగితే నీళ్లు కారాయి.

పోయినవాటిలో ఒక పెద్దాయన వంశవృక్షం ఉంది. రెండేళ్లపాటు తీరికున్నప్పుడల్లా వచ్చి కూచుని, ఏడు తరాల పేర్లు నోటితో చెప్పి నాచేత రాయించుకున్నారు. కరెంటు వచ్చాక వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏటి బాబూ, అంతా పోనాదా?" అని అడిగారు. మళ్లీ మొదటినుంచీ రాశాం. కానీ అప్పటికి ఆయనకి పైతరాల ఆడవాళ్ల పేర్లు చాలామట్టుకు గుర్తురాలేదు. ఆ గళ్లు ఈరోజుకీ ఖాళీగానే ఉన్నాయి.

అందుకని మాస్టారూ, మీ నాన్నగారి రాతకి మూడు కాపీలు ఉండాలి. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్కులోనో, ఒకటి ఇంకో ఊళ్లో. ఇంకో ఊరంటే నిజంగా ఇంకో ఊరే. నా హార్డ్‌డిస్కు ఇప్పుడు విజయనగరంలో మా అప్ప ఇంట్లో ఉంటుంది, పండక్కి వెళ్లినప్పుడు మార్చి వస్తాను. దానితోపాటు గూగుల్ డ్రైవ్‌లో కూడా పెట్టండి. జీమెయిల్, ఫొటోలతో కలిపి 15 జీబీ ఉచితం, టైపు చేసిన రాతకి అది బోలెడు. మీ అబ్బాయికి కూడా ఆ ఫోల్డర్ షేర్ చేసి ఉంచండి.

రాసేటప్పుడు కంట్రోల్ ఎస్ నొక్కడం ఊపిరి తీసుకున్నంత అలవాటు కావాలి. వర్డ్‌లో అయితే ఫైల్, ఆప్షన్స్, సేవ్ లోకి వెళ్లి, రాసేదాన్ని మధ్యమధ్యలో తనంతటతానే దాచే ఆటోరికవర్ పది నిమిషాలని ఉంటుంది, దాన్ని ఒక నిమిషం చెయ్యండి. పొరపాటున మొత్తం చెరిపేశారనుకోండి, కంగారుపడి ఫైలు మూసెయ్యకండి. కంట్రోల్ జెడ్ నొక్కితే వెనక్కి వస్తుంది. ఫైల్ పేర్లలో తేదీ పెడితే ఏడాది ముందు, నెల తర్వాత, రోజు చివర రాయండి. అప్పుడు వాటంతటవే వరసలో నిలబడతాయి.

చిన్న చిట్కాలు కొన్ని గబగబా చెప్పేస్తాను. విండోస్, వి కలిపి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ కనిపిస్తాయి, 25 దాకా. మొదటిసారి టర్న్ ఆన్ అని అడుగుతుంది. మళ్లీ మళ్లీ వాడే చిరునామా లాంటిది పిన్ చేసి పెట్టుకుంటే కంప్యూటర్ ఆపి వేసినా ఉంటుంది. పాస్‌వర్డు కాపీ చేస్తే అదీ అక్కడ కనిపిస్తుంది, తీసెయ్యడం మర్చిపోకండి. విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే తెర మీద కావలసినంత మేర ఫొటో తీసుకోవచ్చు. క్రోమ్‌లో పొరపాటున మూసేసిన పేజీ కంట్రోల్, షిఫ్ట్, టి తో తిరిగి వస్తుంది. అక్షరాలు చిన్నవిగా ఉంటే కంట్రోల్ పట్టుకుని మౌసు చక్రం పైకి తిప్పండి. కళ్లు మరీ అలిసిన రోజు విండోస్, ప్లస్ నొక్కితే భూతద్దం వస్తుంది, విండోస్, ఎస్కేప్ నొక్కితే పోతుంది.

నాలాంటివాళ్ల షాపుకి ఎప్పుడైనా వెళ్లాల్సి వస్తే ఒక జాగ్రత్త. ఆధార్ ప్రింటు తీయించుకున్నాక, డౌన్‌లోడ్స్‌లో ఆ ఫైలుని మీ కళ్లెదుట షిఫ్ట్ డిలీట్ కొట్టించండి. వాట్సాప్ వెబ్ తెరిస్తే, బయటికి వచ్చే ముందు మీ ఫోనులో లింక్డ్ డివైసెస్‌లో ఆ కంప్యూటర్‌ని లాగౌట్ చెయ్యండి. మొహమాటపడకండి, అడగడం మీ హక్కు. తెర మీద ఎర్రగా "మీ కంప్యూటర్‌కి వైరస్ వచ్చింది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని వస్తే ఫోన్ చెయ్యొద్దు, బ్రౌజరు మూసెయ్యండి. ఎవరో ఫోనులో చెప్పిన యాప్ వేసి మీ తెర వాళ్లకి చూపించొద్దు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

చివరగా ఆ నాలుగు నోటుబుక్కులు. టైపింగు వచ్చేదాకా ఆగకండి. వానాకాలంలో కాగితం చెమ్మ పడుతుంది, పాత సిరా పాకుతుంది. ఈ వారంలోనే పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీయించండి. పేజీ మీద మీ నీడ పడకుండా, నాలుగు అంచులూ కనిపించేలా తీయాలి. అట్ట లోపలివైపు రాసుకున్న లెక్కలూ, మార్జిన్లలో చిన్న అక్షరాలూ వదలొద్దు. ఒక్కో బుక్కుకీ ఒక ఫోల్డర్ చేసి మూడు చోట్లా ఎక్కించండి. అక్కణ్ణుంచి టైపు చెయ్యడానికి ఏడాది పట్టినా పరవాలేదు. ఏ కీ దగ్గరైనా చెయ్యి ఆగిపోతే ఇక్కడే రాయండి, రాత్రి షాపు కట్టేశాక చూసి జవాబిస్తాను.