తోలు సంచిలోని తుపాకీకి తుప్పు: ద్రావకం, నూనె ఎంపిక

కాకినాడ సముద్రపు గాలిలో, నాలుగు నెలలుగా తోలు సంచిలో ఉంచిన మీ తాతగారి 12 బోరు జంట గొట్టాల తుపాకీపై గోధుమరంగు చుక్కలు వచ్చాయని, కిరోసిన్‌తో తుడిచినా తిరిగి వస్తున్నాయని రాశారు. లోపం కిరోసిన్‌లో కన్నా సంచిలోనే ఎక్కువగా ఉంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసేటప్పుడు వాడిన ఆమ్లాలు, లవణాలు ఉక్కును తింటాయి.

తుపాకీని మడిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. రాగిని కరిగించే అమోనియా ద్రావకం రైఫిల్‌కు అవసరం. మీ గొట్టాల్లో పేరుకునేది మందు మసి, సీసం, ప్లాస్టిక్ వాడ్ (తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిళ్ల) పూత కనుక మామూలు బోర్ సాల్వెంట్ (గొట్టం లోపలిని శుభ్రం చేసే ద్రావకం), కంచు బ్రష్ చాలు. కిటికీ తెరిచి, చేతి తొడుగులతో చేయండి. ద్రావకం పాత నూనెను కూడా కడిగేస్తుంది కాబట్టి గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, అదే పూట తుప్పు నిరోధక నూనెను పలుచగా పూయాలి. డబ్ల్యూడీ-40 స్ప్రే తేమను తరుముతుందే గాని నెలల తరబడి కాపు కాయదు.

చుక్కలపై నూనె వేసి, నాలుగు సున్నాల (0000, అతి సన్న రకం) ఉక్కు పీచుతో మెల్లగా రుద్దితే గొట్టాలపై ఉండే నీలిపూత చాలావరకు నిలుస్తుంది. ఇసుక కాగితం ముట్టవద్దు. గుంటలు పడి ఉంటే లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకే చూపండి. ఇకపై సంచి మాని, తాళం వేసిన బీరువాలో సిలికా జెల్‌తో, మూతి కిందికి ఉండేలా నిలపండి. అలా ఉంచితే నూనె కర్ర పిడిలోకి దిగదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి మా తుపాకీ పిడి మెడ దగ్గర నల్లబడి మెత్తబడింది.